ఒక్క పనికి నాలుగు పాచికలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాటలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల గురించి మీ ఆదివారం సంచికలో రాశారు, సంతోషం. అయితే పాచికలుంటే అదృష్టం, లేకుంటే తెలివి అని తేల్చేయడం సరికాదు. పాచికలతో ఆట చెడేది ఎక్కువగా లెక్క చూసుకోకపోవడం వల్లే.

1323, ఓరుగల్లు ముట్టడి అనుకోండి. వేగు ఒకడు రాత్రిపూట లేఖ పట్టుకుని కోట దాటి పోవాలి. ఇరవై ముఖాల పాచిక మీద 6 గానీ ఆపైన గానీ పడాలన్నారు, అంటే నూటికి 75 పాళ్లు గెలుపే. కానీ ఆట నడిపేవారు రాతికోట దగ్గర ఒకసారి, కందకం దగ్గర ఒకసారి, మట్టికోట దగ్గర ఒకసారి, కాపలావాడు దగ్గితే ఇంకోసారి వేయిస్తారు. నాలుగూ గెలిచే అవకాశం 32 పాళ్లే! ఆటగాడేమో తన చెయ్యి మంచిది కాదనుకుంటాడు.

ఒక్కసారి వేయిస్తే చాలు. మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు కలిపి వేయించండి. 10 ఆపైన పడితే దాటాడు (36లో 6 వంతులు). 7 నుంచి 9 అయితే దాటాడు గానీ లేఖ తడిసింది (15). 6 గానీ అంతకు తక్కువ గానీ అయితే దొరికాడు (15), ఇక కాపలావాడికి ఏం బొంకుతాడో చూడాలి. గవ్వలు వేద్దామనేవాళ్లూ ఉంటారు. వేయొచ్చు, కాకపోతే గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడదు. ముందు నూరుసార్లు వేసి లెక్క రాసుకోవాలి.

పాచికల్లేని పద్ధతి కొత్తదేం కాదు. 'ఆంబర్ డైస్‌లెస్' అనే ఆట 1991లోనే వచ్చింది. ఒక్కొక్కరికి 100 పాయింట్లు, వాటితో పాత్రకుండే నాలుగు గుణాలకు వేలంపాట. ఎక్కువ పాడినవారిదే పైచేయి. తక్కువవారు నెగ్గాలంటే చీకటినో వాననో ఎదుటివాడి తొందరనో వాడుకోవాలి. బాగానే ఉంటుంది, కానీ ఆట నడిపేవారు 'మనోడు' అని ఒకవైపు మొగ్గితే అడ్డుకునేది ఏదీ లేదు. అందుకే ఇది ఒకరినొకరు ఎరిగిన నలుగురైదుగురి మధ్యే పండుతుంది.

ఇంట్లో ఆడాలంటే తలా ఏడు చింతగింజలివ్వండి. పని ఎంత కష్టమో ఆట నడిపేవారు ముందే చీటీ మీద అంకె రాసి బోర్లించాలి. ఆటగాడు గింజలు పిడికిట్లో పట్టి, తెరిచి చూపాకే చీటీ తిప్పాలి. పాత్ర బలానికున్న అంకె, గింజలు కలిపి ఆ చీటీలోని అంకెకు చేరితే పని అయినట్టు. గెలిచినా ఓడినా ఆ గింజలు పోతాయి. గింజలు చూసి చీటీ రాస్తే ఇక ఆడి లాభం లేదు. ఇంకో చిక్కు, అందరూ గింజలు ఆఖరికని దాచుకుంటారు, మొదటి గంట చప్పగా సాగుతుంది. కోరి కష్టం నెత్తినేసుకున్నవారికి ఒక గింజ తిరిగివ్వండి, మిగిలినవి మరుసటి రోజుకు చెల్లవని ముందే చెప్పండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ