ఆ డోర్సీ వేరు, ఈ డోర్సీ వేరు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో 'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్' అనే అమెరికన్ క్రైస్తవ భక్తి పాట మీద మీరు వేసిన వ్యాసం చదివి, సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వేయలేదు. ఆ పాట రాసింది మీరు వేసినట్టు టామీ డోర్సీ కాదండీ. ఆయన ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి బాకా వాయించే తెల్లజాతి బ్యాండ్ లీడర్, 1956లో పోయాడు. పైగా ఫొటో కూడా ఆయనదే, ట్రాంబోన్‌తో సహా. రాసింది థామస్ ఎ. డోర్సీ. 1899లో జార్జియాలో పుట్టిన నల్లజాతి బోధకుడి కొడుకు, ఒకప్పుడు 'జార్జియా టామ్' పేరుతో బ్లూస్ అనే నల్లజాతి వారి పాటలకు పియానో వాయించినవాడు. ఇంటిపేరు కలిస్తే మనిషి కూడా ఒకడే అయిపోతాడా?

పేరే కదా, పోనిద్దురూ అంటారేమో. ఈ పాట విషయంలో పోనివ్వడానికి లేదు. 1932 ఆగస్టులో డోర్సీ షికాగో నుంచి సెయింట్ లూయిస్‌లో ఉజ్జీవ కూటాలకు, అంటే క్రైస్తవ ప్రార్థన సభలకు వెళ్ళాడు. ఇంటి దగ్గర భార్య నెట్టీకి నెలలు నిండి ఉన్నాయి. కూటం నడుస్తుండగానే టెలిగ్రామ్ వచ్చింది, ఆమె పోయిందని. కాన్పులో పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. తల్లినీ బిడ్డనీ ఒకే పెట్టెలో పెట్టి భూస్థాపన చేశారు. ఆ దుఃఖంలో, కొద్ది రోజులకు పియానో ముందు కూర్చున్నప్పుడు ఒక పాత బాణీ మీద వచ్చిన మాటలివి. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్, కాల్పులకు కాసేపటి ముందు, ఆ రాత్రి సభలో వాయించమని అడిగింది ఈ పాటనే. ఆయన అంత్యక్రియల్లో గాయని మహేలియా జాక్సన్ పాడిందీ ఇదే. మా తమ్ముణ్ణి నారాయణగూడ సమాధుల తోటకు తీసుకెళ్ళిన రోజు మా చర్చి గాయక బృందం, క్వాయర్, పాడింది కూడా ఇదే. ఇక నాకు కోపం రాదా?

మీ ఒక్కరినే అని లాభం లేదు, ఎక్కడ చూసినా ఇదే తీరు. చర్చిల్లో తెర మీద పాట వేస్తారు, రాసినవారి పేరు వేయరు. మా నాన్నగారి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది, అట్ట ఊడిపోయి, కుట్టిన దారం బయటికి వేలాడుతోంది. అందులో కీర్తనకు రాగం, తాళంతో పాటు రాసినవారి పేరూ అచ్చువేశారు. పురుషోత్తము చౌదరి గారి పేరు కనబడ్డ చోటల్లా నాన్న ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకున్నారు. పోయిన క్రిస్మస్‌కు ఒక ప్రభుత్వ సభలో మా చేత ఆ చౌదరి గారి కీర్తనే పాడించారు. ఫ్లెక్సీ నిండా అతిథుల పేర్లే, ఆయన పేరు ఎక్కడా లేదు. అక్కడున్న అధికారిని అడిగితే "పాత పాటే కదండీ, ఎవరు రాస్తే ఏంటి" అని ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. పెద్ద చదువులు చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు మాట్లాడే మాటేనా ఇది? పత్రికలైనా సరిచూసి రాస్తాయని నమ్ముకున్నాం. మా ఇంట్లో నలభై ఏళ్ళుగా మీ పేపరే వేయించుకుంటున్నాం.

సవరణ వేయండి. లోపలి పేజీలో ఓ మూల రెండు లైన్లు కాదు, అదే అనుబంధంలో, థామస్ డోర్సీ ఫొటోతో వేయండి. మా సండే స్కూల్ పిల్లలు మీ వ్యాసం కత్తిరించి చర్చి నోటీసు బోర్డుకు అంటించారు. నేను తీసేశాను. ఆ చోటు ఖాళీగానే ఉంచాం.

– ఒక క్వాయర్ సభ్యుడు, సికింద్రాబాద్