ఐదు పద్దుల కాగితం

శ్రీకాకుళం

అమ్మలూ,

రాజ్యసభ ఎంపీ గారి ఆఫీసులో చేరగానే నీ బల్ల మీద పడ్డ రెండు ఫారాలూ ఒకటే అనుకుంటున్నట్టున్నావు. కాదు. ఒకటి ఆస్తులూ అప్పులూ చెప్పేది. ప్రజాప్రాతినిధ్య చట్టం 75ఎ సెక్షన్ ప్రకారం ప్రమాణం చేసిన 90 రోజుల్లో రాజ్యసభ ఛైర్మన్‌కి అందాలి. రెండోది రాజ్యసభ 293వ నియమం కింద నడిచే ప్రయోజనాల రిజిస్టరుకి, అంటే సభ్యుడికి డబ్బు సంబంధాలు ఎక్కడెక్కడున్నాయో రాసే పుస్తకానికి. లోక్‌సభలో ఇలాంటి రిజిస్టరే లేదు కాబట్టి అక్కడి స్నేహితుల్ని అడిగి లాభం లేదు.

ఆస్తుల కాగితం ముందు కానిచ్చెయ్. నామినేషన్ నాటి ఫారం 26 అఫిడవిట్ పక్కన పెట్టుకో, కానీ అందులోంచి ఎత్తి రాసెయ్యకు. బ్యాంకు నిల్వలు ఈపాటికి మారి ఉంటాయి. మన వైపు భూముల దగ్గరే తంటా. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. అఫిడవిట్‌లో పాతది, ఇక్కడ కొత్తది ఉంటే చూసేవాడికి రెండు వేర్వేరు పొలాల్లా కనబడతాయి. రెండు నంబర్లూ రాయి. విస్తీర్ణం ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే నకలు) తీసి, ఎకరాలూ సెంట్లతో సరిచూడు. పంపకాలు కాని భూమైతే ఆయన వంతెంతో విడిగా చూపించు. ఆయన, భార్య, ఆయన మీద ఆధారపడ్డ పిల్లలు, చట్టం అడిగేది అంతవరకే. సంపాదించుకుంటున్న కొడుకు ఇందులోకి రాడు. ఆ సందులోంచి ఏనుగులు దాటిపోతాయి, అది వేరే సంగతి.

ఇక రిజిస్టరు. ఐదు పద్దులు: ప్రతిఫలం వచ్చే డైరెక్టరు పదవి, క్రమం తప్పకుండా సొమ్ము వచ్చే పని, కంపెనీ మీద అదుపు ఇచ్చేంత వాటా, డబ్బు తీసుకుని చేసే కన్సల్టెన్సీ, వృత్తి. ఐదింటికీ 'లేదు' అని రాసేసి సంతకం పెట్టించుకోవడం తేలికే. ఆయన నోటిమాట మీద మాత్రం రాయకు. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆయన పేరు మీద ఏయే కంపెనీలున్నాయో చూడు. ఎప్పుడో వదిలేశాననుకున్న కంపెనీలో పేరు అలాగే ఉండిపోవచ్చు. ఆదాయపన్ను శాఖ ఇచ్చే ఫారం 26ఏఎస్ తెప్పించుకుని టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) ఎవరు కోశారో చూస్తే ఏ ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఆయనకి పలాసలో ఒక జీడిపప్పు కంపెనీలో పదో వంతు వాటా ఉందనుకో. జీతం లేని డైరెక్టరు కూడా అనుకో. అదుపు ఇచ్చే వాటా కాదు, ప్రతిఫలమూ లేదు. రిజిస్టరులో ఆ రెండు పద్దులకీ 'లేదు' అంటే తప్పు కాదు. కానీ రేపు కమిటీలో దిగుమతి జీడిగింజల మీద సుంకం చర్చకొస్తే, 294వ నియమం ప్రకారం నోరు విప్పేముందే తన సంబంధం ఏమిటో చెప్పాలి. పరోక్ష లాభమైనా సరే, రిజిస్టరులో అప్పటికే రాసి ఉన్నా సరే. 'నాకు కొంత వ్యాపార సంబంధం ఉంది' అంటే చాలదు. ఫలానా కంపెనీలో ఇంత శాతం వాటా, డైరెక్టరుని అని చెప్పాలి. ఓటు దగ్గర కొలత వేరు. ఒకరి ఓటుని సవాలు చేయాలంటే ఆ లాభం ఆ మనిషికి విడిగా చెందాలి. ఉద్దానంలో జీడితోట ఉన్నవాళ్లందరికీ కలిగే లాభమే ఆయనకీ కలిగితే ఓటు చెల్లుతుంది.

అందుకని ఆ ఐదు పద్దుల్లోకి రానివి కూడా ఒక జాబితా రాసి దగ్గరుంచుకో: చిన్న వాటాలు, పిల్లల వ్యాపారాలు, హామీ సంతకాలు. ఎజెండా వచ్చిన రోజే దానితో పోల్చి, కావాల్సినచోట రెండు వాక్యాల ప్రకటన ఫైల్లో పెట్టు. సభలో అప్పటికప్పుడు గుర్తు రాదు, వచ్చినా మొహమాటం అడ్డొస్తుంది.

సభలో ఆయన అడిగే ప్రశ్నలు టైపు చేసేది నువ్వే కదా. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు 2005 డిసెంబరులో 11 మంది సభ్యత్వం పోయింది, అందులో ఒకరు రాజ్యసభ సభ్యుడు. కాబట్టి బయటివాళ్లు తెచ్చిన ప్రశ్న అయితే ఎవరు తెచ్చారో తేదీతో రాసిపెట్టు. ప్రశ్నలు పంపే పార్లమెంటు పోర్టల్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు. లాగిన్ వివరాలు పంచుకున్న వ్యవహారంలోనే 2023 డిసెంబరులో లోక్‌సభ ఒక సభ్యురాల్ని బహిష్కరించింది.

విదేశీ సంస్థ ఖర్చుతో ప్రయాణమైతే కేంద్రం అనుమతి ముందే కావాలి. ఆ అనుమతి కోరే ఎఫ్‌సీ-2 ఫారం బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు ఆన్‌లైన్‌లో పెట్టాలి. టిక్కెట్లు తీశాక చెబుతారు ఈ ఎంపీలు, నువ్వే ముందు అడుగుతుండు.

మీ నాన్న