భోగి మంటల్లో డైరీలు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

భోగి దగ్గరపడింది. మా వీధి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాత కర్రలు, తట్టలు, కాగితాలు పోగుచేస్తున్నారు. నిన్న మా అటక మీది ట్రంకు పెట్టెకు ఎసరు పెట్టారు. అందులో ఉన్నవి మా మామగారి డైరీలు, ఎరువుల కొట్టువాళ్లు ఏటా ఊరికే ఇచ్చినవి. ఇవ్వనన్నాను. ఎందుకో చెబుదామనే ఈ ఉత్తరం.

కోతలయ్యాక పల్లెలో మధ్యాహ్నం ఒక పట్టాన గడవదు. సీరియళ్లు నాకు పట్టవు, ఆధ్యాత్మిక అనుభవాల పుస్తకాలు చదువుతాను. ఈమధ్య వచ్చే వాటిలో మొదటి పేజీ నుంచి వెలుగులే, ప్రకంపనలే. ఆ మనిషి ఆ పూట అన్నం తిన్నాడా, కరెంటు బిల్లు కట్టాడా అన్నది ఎక్కడా ఉండదు. నాకైతే నమ్మకం కుదరదు.

సూరి నాగమ్మగారి 'శ్రీరమణాశ్రమ లేఖలు' అలా కాదు. ఆవిడ మా గుంటూరు వైపు కొలనుకొండలో పుట్టారు. చిన్నతనంలోనే భర్త పోయాడు, బడికి వెళ్లింది లేదు. 1945 నుంచి తిరువణ్ణామలైలో తన కళ్లముందు జరిగింది జరిగినట్టు అన్నగారికి ఉత్తరాలు రాశారు. 1948 జూన్‌లో ఆశ్రమం ఆవు లక్ష్మి పోయినప్పటి సంగతి చదవండి. రమణ మహర్షి దాని పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేస్తారు. గొడ్లతో బతికినవాళ్లకి అక్కడ వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారూ అంతే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దేవుడి దర్శనం రాసిన చేత్తోనే ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ అంగళ్లున్నాయో రాసుకుంటూ పోయారు. (ఈ రెండు పుస్తకాలూ మా శాఖా గ్రంథాలయంలో లేవు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం తప్పకుండా కడుతున్నాం.)

ఇక మామగారి డైరీలో ఒక రోజు: "యూరియా 2 బస్తాలు. గేదె ఈనింది, పెయ్యదూడ. తెల్లవారుజామున దేవుడి గదిలోంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. వెళితే ఎవరూ లేరు. చాలాసేపు ఏడుపు ఆగలేదు. సాయంత్రం కాలవకి నీళ్లు వదిలారు." అంతే. మర్నాడు మళ్లీ కూలీల లెక్క. ఈ సంగతి మా అత్తగారికి కూడా తెలియదు. గేదె ఈనింది నిజమైతే ఆ పిలుపూ నిజమేనని నాకు అనిపిస్తుంది.

1977 నవంబరు 19న, ఉప్పెన రోజున, "గాలి ఎక్కువైంది. గొడ్ల పలుపులు విప్పేశాం" అని ఉంది. తర్వాత నాలుగు పేజీలు ఖాళీ. 24న "బావి నీళ్లు ఉప్పు." చుట్టాలలో ఎవరు పోయారో ఆయన రాయలేదు.

ఇలాంటివి కృష్ణా డెల్టాలో చాలా ఇళ్లలో ఉండి ఉంటాయి. పాత సామాన్లవాడు కిలోల లెక్కన పట్టుకుపోతున్నాడు. మీ ఆదివారం సంచికలో వారానికి ఒక పాత డైరీ పేజీ వేయగలరా? అప్పుల లెక్కలూ, ఇంటి గుట్లూ తీసేసి వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మీరు సరేనంటే ఉప్పెన నాటి పేజీలు ఫొటో తీయించి పంపుతాను. మామగారిది గొలుసుకట్టు రాత, మీ కుర్రాళ్లకి కొరుకుడు పడదు. పక్కన విడదీసి రాసి మరీ పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రేపల్లె మండలం, బాపట్ల జిల్లా