విశ్వావసు నామ సంవత్సర నివేదిక – ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదివి తీరాలని మన తెలుగు సంఘం నియమావళిలో ఉంది. కిందటేడు నేను చదువుతుండగా సగం హాలు భోజనాల వరసలోకి వెళ్లిపోయింది. అందుకే ఈసారి రాసి ముందుగా పంపుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయను.

మామూలుగా జరిగేవన్నీ ఈ ఏడూ జరిగాయి. 2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం నాడే పడటంతో హాలు నిండిపోయింది. పచ్చడికి వేపపువ్వు తన పెరటి చెట్టు నుంచే తెచ్చిన వదినగారికి కృతజ్ఞతలు. బతుకమ్మ, దీపావళి, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ సజావుగా సాగాయి. వనభోజనాల చోటుకు అనుమతి ఇవ్వాల్సిన కార్యాలయం ఒకే దరఖాస్తును మూడుసార్లు నింపించింది. మూడోసారి కౌంటరు దగ్గరున్నావిడ, మొదటి రెండూ దొరికాయని నవ్వుతూ చెప్పింది. పేరు రాయను, వచ్చే ఏడు కూడా అక్కడికే వెళ్లాలి కదా.

ఇక చెప్పుకోదగ్గది ఒక్కటుంది. జనవరి 24, శనివారం నాడు చేసిన అయిదు ఊళ్ల యాత్ర.

దీనికి మూలం ఆదివారం తెలుగు తరగతిలో ఒక చిన్నారి అడిగిన ప్రశ్న. "మా ఊరు" అనే అంశం మీద నాలుగు వాక్యాలు రాయమంటే, "మా ఊరికి నడిబొడ్డు ఎక్కడ?" అని అడిగింది. పంతులమ్మగారు నన్ను చూశారు, నేను కోశాధికారిగారిని చూశాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాం, ఒక్కరికీ జవాబు తెలియదు. ఎవరైనా "ఎక్కడుంటారు?" అంటే "నైల్స్‌లో" అంటాం, "మిషన్‌లో" అంటాం, "వార్మ్ స్ప్రింగ్స్ వైపు" అంటాం. ఫ్రీమాంట్ అని మనలో మనం అనుకునేది తక్కువ. జవాబు ఆ అలవాటులోనే ఉందని తర్వాత తెలిసింది. ఈ ఊరికి నడిబొడ్డు లేదు, అయిదు పాత ఊళ్లున్నాయి.

1956 జనవరి 23న సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ కలిసి ఒకే నగరమయ్యాయి. ఉత్తరాన ఉన్న హేవర్డ్ పెరుగుతూ వచ్చి తమను కలిపేసుకుంటుందని వీళ్ల భయం. హైదరాబాదు శివారు పంచాయతీల నుంచి వచ్చినవారికి ఈ భయం విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కనున్న న్యూఆర్క్ ఈ పొత్తు మాకొద్దని 1955లోనే విడిగా పురపాలక నగరం అయింది. ఇవాళ పటం తీసి చూస్తే అది ఫ్రీమాంట్ మధ్యలో చిక్కుకున్నట్టు కనిపిస్తుంది. ఏకమయ్యాక వచ్చిన 1960 జనాభా లెక్కల్లో మన ఊరి జనం 43,790. 2020 నాటికి 2,30,504.

ఊరికి 70 ఏళ్లు నిండిన మర్నాడే యాత్ర పెట్టుకున్నాం. రెండు బస్సులు మాట్లాడాం. వాట్సాప్ గుంపులో సేవకు వస్తామని బొటనవేలు చూపించినవారు పద్నాలుగు మంది, పొద్దున్న ఏడింటికి పార్కింగులో కనిపించినవారు ముగ్గురు. ఇద్దరు ఇంటర్‌లో ఉన్న పిల్లలు, ఒకరు మోకాలి ఆపరేషన్ అయిన మాజీ అధ్యక్షులవారు. మిగతా పదకొండు మంది బొటనవేళ్లు ఇంకా గుంపులో భద్రంగానే ఉన్నాయి.

మొదట మిషన్ శాన్ హోసే. మనకు మిషన్ అంటే హైస్కూలు ర్యాంకు, ఇళ్ల ధర, అంతే. ఆ పేరు వచ్చింది 1797 జూన్ 11న ఫాదర్ లాసుయెన్ స్థాపించిన స్పానిష్ క్రైస్తవ మఠం వల్ల. కాలిఫోర్నియాలోని 21 మిషన్లలో ఇది 14వది. తెల్లగా మెరిసే ఆ గుడి పాతదనుకుని అందరూ ఫోటోలు దిగారు. అది 1985లో పూర్తిచేసిన నకలు. అసలు గుడి 1868 అక్టోబరు 21 భూకంపంలో కూలిపోయింది. పక్కన మట్టి ఇటుకలతో కట్టిన పొడవాటి వసారా భాగం మాత్రం పాతదే. గోడ మందం చూసి ఒక మామయ్యగారు "మా తాతగారి ఇల్లు ఇంతే ఉండేది" అని అరచేత్తో తట్టబోతే, అక్కడి ఉద్యోగి మర్యాదగా ఆపారు. 1849లో బంగారం కోసం కొండలకు వెళ్లేవాళ్లు సరుకులు కొనుక్కున్నది ఈ వీధిలోనే.

అక్కడి నుంచి కొంచెం దూరంలో, వాషింగ్టన్ బులెవార్డ్ మీద, ఈ ప్రాంతపు మూలవాసులైన ఓలోనీల శ్మశానం ఉంది. మనం రోజూ కార్లలో దాటిపోతుంటాం, నేనూ అంతే. ఆ మిషన్ కట్టడంలో చెమటోడ్చిన ఓలోనీలు నాలుగు వేలమంది ఇక్కడ నిద్రిస్తున్నారని రాయి మీద ఉంది. ఒక్కొక్కరి పేరుతో సమాధులు కనబడవు, గడ్డి నేల, చెట్లు. బస్సు దిగిన ఒక బామ్మగారు చెప్పులు విడిచి పక్కన పెట్టారు. ఎవరూ చెప్పకుండానే వెనక వచ్చినవాళ్లూ విడిచారు. మిషన్‌లో అందరూ తలవంచుకు ఉండలేదు. ఇక్కడి నుంచే వెళ్లిపోయి 1829లో తిరగబడ్డ, యోకుట్స్ అనే మరో మూలవాసి తెగ నాయకుడు ఎస్టానిస్లావ్ పేరే తర్వాత స్టానిస్లాస్ నదికీ, కౌంటీకీ వచ్చింది. ఇక మన ఊరు ఎవరి పేరు పెట్టుకుందో ఆ జాన్ ఫ్రీమాంట్ 1856లో రిపబ్లికన్ పార్టీ తరఫున మొట్టమొదటి అధ్యక్ష అభ్యర్థి. అంతకు పదేళ్ల ముందు శాక్రమెంటో నది ఒడ్డున మూలవాసులను ఊచకోత కోసినదీ ఆయన దళమే. పిల్లల ముందు ఇది చెప్పాలా వద్దా అని కమిటీలో గంటసేపు వాదన జరిగింది. చెప్పాం.

వార్మ్ స్ప్రింగ్స్ దగ్గర దిగలేదు, బస్సులోంచే చూపించాం. వేడినీటి ఊటల వల్ల వచ్చిన పేరు. విశ్వవిద్యాలయం స్థాపించిన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ ఇక్కడ భూమి కొన్నారు, వాళ్ల అన్నగారు జోసయ్య ద్రాక్షతోటలు నడిపి ద్రాక్షసారా తీశారు. ఇప్పుడు అందరూ చూసేది కార్ల ఫ్యాక్టరీనే. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్‌ది, 1982లో మూత. 1984 నుంచి టయోటాతో కలిసి నుమ్మీ అన్న పేరుతో నడిచి 2010లో మళ్లీ మూత. అదే ఏడు టెస్లా కొనుక్కుంది. మన సభ్యుల్లో అక్కడ పనిచేసేవారు కొందరున్నారు, వాళ్లు శని ఆదివారాల్లో దాని గురించి మాట్లాడటానికి ఇష్టపడలేదు. ఇర్వింగ్టన్‌ను ఒకప్పుడు వాషింగ్టన్ కార్నర్స్ అనేవారు. అక్కడ దిగే సమయం చిక్కలేదు, ఇర్వింగ్టన్ సభ్యులు క్షమించాలి.

భోజనాలు ఎలిజబెత్ చెరువు గట్టున. అది రాణిగారి పేరనుకుంటాం. నిజానికి దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలిజబెత్ అనే సోదర నగరం పేరు పెట్టారు. పులిహోర, దద్ధోజనం, ఆవకాయ పెట్టి పంపిన ముగ్గురు అత్తయ్యగార్లకు, అరటాకులు దొరక్కపోతే కాగితం విస్తళ్లు తెచ్చిన తమ్ముడికి ధన్యవాదాలు. గట్టు మీద కూర్చుంటే ఎదురుగా మిషన్ పీక్, ఎత్తు 2,517 అడుగులు. వేసవిలో ఎండుగడ్డి రంగులో ఉండే ఆ కొండ జనవరిలో మన వరిచేల పచ్చదనంతో ఉంటుంది. ఒడియాలు ఎవరు తెచ్చారో తెలియలేదు, వాళ్లకూ ధన్యవాదాలు.

భోజనాలయ్యాక చూపించింది బార్ట్ (మన ప్రాంతపు లోకల్ రైలు) స్టేషన్ పక్కనున్న తుంగ మడుగు. 1972లో రైలు వచ్చినప్పటి నుంచీ ఆ పక్కనుంచి జనం వెళ్తూనే ఉన్నారు, గడ్డీ బురదా చూసి ఆగినవారు తక్కువ. అది హేవర్డ్ భ్రంశం, అంటే భూమి లోపలి పెద్ద పగులు, మీద నేల కుంగి ఏర్పడిన మడుగు. 1868లో మిషన్ గుడిని పడగొట్టింది ఈ భ్రంశమే. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చేదాకా ఈ ప్రాంతంలో "పెద్ద భూకంపం" అంటే 1868దే. భ్రంశం ఇప్పటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్లు పాకుతూనే ఉంది. ఇది విన్నాక ఇద్దరు సభ్యులు అక్కడే నిలబడి ఇంటి భూకంప బీమా గురించి ఫోన్లు చేశారు. యాత్ర వల్ల కలిగిన ప్రత్యక్ష ప్రయోజనం ఇదొక్కటే అని మా ఇంట్లోవాళ్లు వెక్కిరిస్తున్నారు.

సెంటర్‌విల్‌లో రైల్వే స్టేషన్, అఫ్గాన్ రొట్టెల దుకాణాలు. అక్కడ బస్సు అనుకున్నదానికన్నా అరగంట ఎక్కువ ఆగింది, కారణం ఆ రొట్టెలే.

ఆఖరున నైల్స్, అలమీడా వాగు. రోజంతటిలో నాకు నచ్చిన ఘట్టం ఇక్కడే జరిగింది. రాజమండ్రి నుంచి కూతురింటికి వచ్చిన విశ్రాంత నీటిపారుదల ఇంజనీరుగారు ఒకరు మనతో ఉన్నారు. పొద్దున్నుంచీ వెనక సీట్లో మౌనంగా కూర్చున్నారు. వాగు మీద గాలి నింపితే లేచి, వరద వస్తే గాలి తీసేసే రబ్బరు ఆనకట్టలున్నాయని చెప్పగానే లేచి ముందుకొచ్చారు. "మనకు జంఝావతి మీద ఉందండీ ఇలాంటిది" అని మొదలుపెట్టారు. ఇక్కడ ఆ నీటిని ఆపి పక్కనున్న క్వారీ లేక్స్‌లోకి మళ్లిస్తారు. అవి ఒకప్పుడు కంకర తవ్విన గుంటలు, ఆ కంకరలో కొంత ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు వేసిన రైలుమార్గానికి పోయింది. గుంటల్లోంచి నీరు ఇంకి భూగర్భంలో చేరుతుంది, అది పైకి తోడితే మన కుళాయిల్లోకి కూడా వస్తుంది. 1920ల నాటికే బావులు తోడేయడంతో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఉప్పునీరు భూమి లోపలికి చొరబడింది. దాన్ని వెనక్కు నెట్టాలన్నా పైనుంచి మంచినీరు నింపడమే దారి. కోనసీమ చివరి ఊళ్లలో బోర్లు ఉప్పగా ఎందుకు మారతాయో, ధవళేశ్వరం నీరు కాలవల్లో ఆగితే ఏమవుతుందో ఆయన కట్టెపుల్లతో మట్టిలో గీసి చూపించారు. పిల్లలు ఆయన చుట్టూ గొంతుకూర్చున్నారు. "ఈ వాగులో వరదకు ఎన్ని క్యూసెక్కులు?" అని ఆయన తిరిగి మమ్మల్ని అడిగితే మాత్రం ఎవరమూ నోరు విప్పలేదు.

నైల్స్ లోయలోంచి 1869లో రైలు వచ్చింది, ఆ కొండలు తొలిచిన కూలీల్లో ఎక్కువమంది చైనావాళ్లు. 1912 నుంచి 1916 దాకా ఎస్సనే స్టూడియో ఇక్కడ మూకీలు తీసింది. బ్రాంకో బిల్లీ అనే కౌబాయి గుర్రాల సినిమాలు వారానికొకటి చొప్పున వెళ్లేవి. 1915లో చార్లీ చాప్లిన్ వచ్చి కొన్ని నెలలుండి అయిదు సినిమాలు చేశారు. కర్ర తిప్పుకుంటూ మట్టిదారి వెంట ఒంటరిగా వెళ్లిపోయే ఆ దృశ్యం ఈ లోయలోదే. 1913 నాటి థియేటరులో ఇప్పుడు మూకీ చిత్రాల మ్యూజియం ఉంది. చెక్క కుర్చీల్లో కూర్చున్న పిల్లలు పది నిమిషాలు ఫోను తీయలేదు, నేను లెక్కపెట్టాను.

డ్రాబ్రిడ్జ్ ఎందుకు చూపించలేదని కొందరు అడిగారు. అఖాతం చిత్తడిలో మునిగిపోతున్న ఆ ఖాళీ ఊరు మన నగరం హద్దుల్లోనే ఉంది కానీ జనానికి ప్రవేశం లేదు. సంఘం తరఫున ఎవరినీ అక్కడికి తీసుకెళ్లం, దయచేసి మళ్లీ అడగకండి.

జమాఖర్చులు: పట్టీ విడిగా జతచేశాం, ఆడిటరుగారు సంతకం చేశారు. ఆదాయం, ఖర్చు ఇంచుమించు సమానం. బస్సుల అద్దె కొంత పెరిగింది, అది దీపావళి మిగులులోంచి సర్దాం. సందేహాలుంటే కోశాధికారిగారిని ఇంటి దగ్గర అడగండి, వేదిక మీద కాదు.

వచ్చే పరాభవ సంవత్సరానికి సహాయ కార్యదర్శి, యువజన సమన్వయకర్త పదవులు రెండేళ్లుగా ఖాళీగానే ఉన్నాయి. పేర్లు కాగితం మీద రాసి సంతకంతో ఇవ్వండి. బొటనవేళ్లు చెల్లవు.

యాత్ర బస్సులో మర్చిపోయినవి నా దగ్గరున్నాయి: మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి, ఎడమకాలి పిల్లల బూటు ఒకటి, చదువుకునే కళ్లజోడు, సగం తిన్న అఫ్గాన్ రొట్టె. రొట్టె పారేశాను. మిగతావి సమావేశానికి తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి