ఒకజాకిని గోల్స్‌తోనే తూస్తారా?

సంపాదకునికి,

యూరప్‌లో ఆడిన జపాన్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్‌ల (గోల్స్ కొట్టాల్సిన ముందు వరుస ఆటగాళ్ల) చర్చలో షింజి ఒకజాకిని గోల్స్ లెక్కతో తీసిపారేయడం అన్యాయం. 2013-14లో జర్మనీ క్లబ్ మైంజ్ తరఫున అక్కడి మొదటి డివిజన్ బుండెస్‌లీగాలో 15 గోల్స్ కొట్టినవాడు, ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్‌కు ఆడుతూ, ఆ జట్టు ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన 2015-16లో లీగ్‌లో కొట్టింది ఐదే. (న్యూకాజిల్‌పై వెనక్కి పల్టీ కొడుతూ తన్నిన ఒక్క గోల్‌తోనే ఆ మ్యాచ్ గెలిచారు.) కానీ అతని అసలు పని వేరు. ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్‌కు (నడిమి డిఫెండర్‌కు) బంతి అందగానే వంపుగా పరుగెత్తి, తన వెనకున్న ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్‌కు పాస్ వెళ్లే దారి మూసేసేవాడు. తిన్నగా ఉరికితే ఒక్క పాస్‌తో దాటేస్తారు. ఈ చాకిరీ వల్లే లెస్టర్‌లో తోటి స్ట్రైకర్ వార్డీకి ముందుకు దూసుకెళ్లే ఓపిక మిగిలేది. గంట దాటాక ఒకజాకిని తరచూ మార్చేవారు. ఆ పరుగుకు కాళ్లు అంతకుమించి నిలవవు. గోల్ కొట్టడం మరిచాడంటారా? 2019-20లో స్పెయిన్ రెండో డివిజన్‌లో ఉయెస్కా క్లబ్‌కు 12 కొట్టాడు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్