ఫాతిమానగర్ గేటు దగ్గర టీ పోసిన అమ్మకు

విడాకులు తీసుకున్నానని మా చర్చి సంఘ పెద్దలు నన్ను ప్రభువు బల్లకు, అంటే అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు, దూరం పెట్టారు. పద్నాలుగేళ్లు సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. బైబిల్లో లూకా 15వ అధ్యాయంలోని కథ, తప్పిపోయిన ఒక్క గొర్రెను కాపరి వెతుక్కుంటూ వెళ్లే కథ, బొమ్మలు గీసి మరీ చెప్పేదాన్ని. నన్ను వెతుక్కుంటూ మాత్రం ఒక్కరూ రాలేదు. సరే, అది అలా ఉంచండి.

మొన్న డిసెంబరు 24 రాత్రి కాజీపేట ఫాతిమానగర్ కథెడ్రల్ గేటు బయట ఆగిపోయాను. మాది ఆ సంఘం కాదు, పాటలైనా విందామని వెళ్లాను. లోపలికి కాళ్లు రాలేదు, ఏడుపు వచ్చింది.

లోపలికి వెళ్తున్న మీరు నన్ను చూసి వెనక్కి వచ్చారు. ఏ చర్చి, ఎవరి అమ్మాయివని అడగలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు. "నాకూ మోకాళ్ల నొప్పులు బిడ్డా, ఇక్కడే కూర్చుందాం" అంటూ గోడ వారన నేల మీదే కూర్చున్నారు. ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకిచ్చారు. ఉన్నది ఒక్కటే మూత కాబట్టి మీరు తాగలేదు. నా చేతులు వణుకుతుంటే మీ శాలువా సగం నా భుజం మీదికి లాగారు. పూజ ముగిసేదాకా లేవలేదు. నా వల్ల మీ పండగ పూజ తప్పింది.

ఆ టీలో అల్లం కాస్త ఎక్కువే పడిందమ్మా. అయినా ఇంకో మూత అడగాలనిపించింది, మొహమాటపడ్డాను.