ఊరి బోర్డు మీద ‘1’

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని ఒమాహాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు అదే నెబ్రాస్కా రాష్ట్రంలోని బాయిడ్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) వెళ్లాం. మొనోవై ఊరి బోర్డు మీద జనాభా ‘1’ అని ఉంది! 2011 జనగణనలో ఇంటింటికీ తిరిగిన టీచర్ని నేను. ఆ అంకె చూసి మనసు కలుక్కుమంది. ఆ ఒక్కరు ఎల్సీ ఐలర్ గారు. భర్త పోయాక ఆయన పుస్తకాలతో లైబ్రరీ నిలబెట్టారు, మేయరూ ఆవిడే. 2020 లెక్కల్లో మాత్రం ఇద్దరని వచ్చింది. వ్యక్తుల వివరాలు బయటపడకుండా అక్కడి సెన్సస్ వాళ్లు చిన్న ఊళ్ల అంకెల్ని కావాలనే కాస్త మారుస్తారు. కౌంటీ మొత్తం 2010లో 2,099 మంది, 2020లో 1,810.

మన పల్లెల్లోనూ తాళాలు పడ్డ ఇళ్లు చూస్తున్నాను. రాబోయే జనగణన లెక్కలు మీ పత్రికలో ఊరివారీగా వేయండి.

– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి